హాలోవీన్ రాత్రికి దడ పుట్టించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం: ఏవి, ఏ వరుసలో?

తిరుపతి_శ్రోత:
అక్టోబరు 31 రాత్రి మేడమీద గదిలో ఆరేడుగురం కూర్చుని వినాలి. అందరికీ కర్ణాటక సంగీతం వచ్చు, సింఫనీలు కొత్త. ముప్పావు గంట దాటకూడదు. ఉన్నది చిన్న బ్లూటూత్ స్పీకరే. ఏవి పెట్టాలో చెప్పండన్నా.

చిత్తూరు_కమాను:
సాన్-సాన్స్ 'దాన్స్ మకాబ్ర్' (మృత్యు నృత్యం, 1874)తో మొదలుపెట్టండి, ఏడు నిమిషాలే. హార్ప్ ఒకే స్వరాన్ని పన్నెండుసార్లు మీటుతుంది, అర్ధరాత్రి గంటలన్నమాట. ఆ వెనకే మృత్యువు వయొలిన్ అందుకుంటుంది. మీవాళ్ళకు అసలు సంగతి ఇక్కడుంది: ఆ వయొలిన్ పైతీగను అరస్వరం దించి శ్రుతి చేస్తారు. మన వయొలిన్‌లో పై రెండు తీగలూ స, ప కదా. ఆ పంచమం తీగను ప్రతిమధ్యమానికి దించి, రెండూ కలిపి ఒక్క కమాను లాగి వినిపించండి. పంచమానికి అలవాటుపడ్డ చెవికి ఒళ్ళు జలదరిస్తుంది. దించిన తీగ వెంటనే నిలబడదు, మళ్ళీ మళ్ళీ సరిచూడాలి. జైలోఫోన్ (కర్ర పలకల వాద్యం)ది ఎముకల చప్పుడు, చివర్లో ఓబో (సన్నాయి లాంటిది)ది కోడికూత.

నిశీథి:
తర్వాత ముసోర్గ్‌స్కీ 'నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్'. రిమ్‌స్కీ-కోర్సకోవ్ తిరగరాసింది (1886) చర్చి గంటతో తెల్లవారి శాంతంగా ముగుస్తుంది. 1867 నాటి మూలంలో ఆ తెల్లవారడం లేదు, పచ్చిగా ఉంటుంది. నా ఓటు మూలానికే. పేరు పక్కన 'ఒరిజినల్ వెర్షన్' అని ఉందేమో చూసుకోండి. ఆఖర్న బెర్లియోజ్ 'సింఫనీ ఫాంటాస్టిక్' (1830) ఐదో భాగం, పది నిమిషాలు. గంటల మధ్య బరువుగా నడిచేది 'దియేస్ ఇరే', చనిపోయినవాళ్ళ కోసం చర్చిలో పాడే పాత బాణీ. దాన్స్ మకాబ్ర్‌లోనూ అదే బాణీ వాల్ట్జ్ (మూడు లెక్కల నాట్యం) నడకలో దాగుంది, పట్టుకోమనండి.

తిరుపతి_శ్రోత:
పెండెరెత్స్కీ 'థ్రెనడీ' కలపచ్చా? 52 తీగవాద్యాలు ఒక్కసారి కేకపెట్టినట్టుంటుందట.

నిశీథి:
వద్దు. అది హిరోషిమా బాధితులకు అంకితమైంది, సరదా రాత్రికి తగదు. బదులు బార్టోక్ 'మ్యూజిక్ ఫర్ స్ట్రింగ్స్, పర్కషన్ అండ్ సెలెస్టా' (1936) మూడో భాగాన్ని రెండోదిగా పెట్టండి. జైలోఫోన్ ఒకే స్వరాన్ని నిదానంగా మొదలుపెట్టి, వేగం పెంచి, మళ్ళీ తగ్గిస్తుంది. కింద టింపనీ (పెద్ద శ్రుతి డోలు) జారుతూ మూలుగుతుంది.

చిత్తూరు_కమాను:
స్పీకర్ సంగతి. చిన్నదాంట్లో డబుల్ బేస్‌ల (వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్దవి) అడుగు శబ్దం పోతుంది. గది మూలన గోడకు దగ్గరగా పెడితే కొంత నయం. యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆపేయండి, లేకుంటే ముందు రచన తోక మీద తర్వాతది ఎక్కేస్తుంది. సౌండు బెర్లియోజ్‌లో గట్టిచోటు పెట్టి సరిచేసుకుని, ఇక ముట్టుకోవద్దు. హార్ప్ వినపడలేదని పెంచితే తర్వాత చెవులు గింగిర్లెత్తుతాయి. ఫ్యాను ఆపితే హార్ప్ వినపడుతుంది.