మగ బాల్ పైథాన్ తిండి మానేసింది, జత కలపడం ఆపెయ్యాలా?

డాలస్_పైథాన్: ఆడది 1700 గ్రాములు, మూడేళ్లు దాటింది. మగది 750. నవంబర్ నుంచి రాత్రిపూట వేడి కాస్త తగ్గించి జత కలుపుతున్నాను, అప్పట్నుంచి మగది ఎలుకని ముట్టడం లేదు, ఫ్రోజెన్‌ది కరిగించి వెచ్చగా పెట్టినా వాసన చూసి పక్కకెళ్లిపోతోంది. ఆడది మాత్రం శుభ్రంగా తింటోంది. టెన్షన్‌గా ఉంది, మామూలేనా ఇది?

కుబుసం: మామూలే అన్నా. ఈ నెలల్లో మగవాటికి తిండి ధ్యాస ఉండదు. తిన్నదా లేదా అని కాదు, బరువు చూడు. వారానికోసారి కిచెన్ కాటా మీద తూచి రాసిపెట్టుకో, పదో వంతు తగ్గితే, అంటే నీ దగ్గరున్నది 675కి దిగితే, ఈ ఏడాదికి చాలని ఆపెయ్. రెండు మూడు రోజులు కలిపి ఉంచాక కనీసం ఓ వారం విడిగా ఉంచు, చిన్న ఎలుక పెట్టి చూసేది అప్పుడే. కలిసున్నప్పుడు తిండి పెట్టొద్దు, ఒకే ఎలుక మీద రెండూ పడితే గాయాలవుతాయి.

రాత్రిడ్యూటీ: నాకైతే తిండికంటే ఆ రాత్రి చలి మీదే అనుమానం. పాము ఉండే టబ్‌లో వేడి వైపు 31-32 డిగ్రీలు ఎప్పుడూ ఉండాలి, చల్ల వైపు రాత్రి కూడా 24 కంటే దిగనివ్వకు. చలికి తేమ తోడైతే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది. నోరు తెరిచి గాలి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో ఈల శబ్దం, వీటిలో ఏది కనిపించినా పాములు చూసే వెట్ దగ్గరికి వెళ్లు, యూట్యూబ్ వైద్యం వద్దు. ఇంతకీ ఆ మగది నీదేనా, అరువు తెచ్చావా? సీజన్ కోసం పాముల్ని మార్చుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఒంటి మీద పురుగులు సరే మందు వాడితే పోతాయి, పాముల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే సెర్పెంటోవైరస్‌కి మందే లేదు. కొత్తదైతే మూడు నెలలు వేరే గదిలో ఉంచి, నోటి నుంచి స్వాబ్ తీయించి టెస్ట్ చేయించాకే కలపాలి.

డాలస్_పైథాన్: నాదే, పిల్లప్పటి నుంచి నా దగ్గరే ఉంది. ఇప్పుడే తూచాను, 728. రాత్రి చల్ల వైపు 23 చూపిస్తోంది, థర్మోస్టాట్ పెంచుతున్నా. ఆడదాని సంగతేంటి?

కుబుసం: ఇప్పుడు తింటున్నంత తిననివ్వు, కడుపులో గుడ్లు పెరిగేకొద్దీ అది కూడా మానేస్తుంది, బలవంతం చెయ్యకు. ఆ తర్వాత ఒకసారి కుబుసం విడుస్తుంది, అక్కణ్నుంచి నెల అటూఇటూగా గుడ్లు పెడుతుంది. పెట్టేశాక కూడా పొట్ట కింది భాగంలో గడ్డలా మిగిలితే గుడ్డు ఇరుక్కున్నట్టే, చేత్తో నొక్కావో లోపలే పగులుతుంది, వెట్ చూడాల్సిందే. గుడ్లు ఇంక్యుబేటర్‌లోకి మార్చాక తల్లినీ టబ్‌నీ గోరువెచ్చని నీళ్లతో కడుగు, గుడ్ల వాసన పోకపోతే ఉత్త టబ్‌లోనే చుట్టచుట్టుకుని పస్తులుంటుంది.

అమీర్‌పేట్: హైదరాబాద్‌లో పాముల పెంపకం మొదలుపెట్టొచ్చా అండి?

రాత్రిడ్యూటీ: మన దేశపు పాములైతే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ విదేశీదే కానీ సైట్స్ (CITES, వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, పిల్లలు పుడితే వాటినీ చెయ్యాలి. కాగితాల్లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి.