రోజువారీ బతుకు నుంచి మనసు తప్పించుకుపోవడం తప్పా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

మా తమ్ముడు ఇక్కడ ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు. వానాకాలం వడ్లు వచ్చే ఈ రోజుల్లో పొద్దున పోయినవాడు రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరడు. వచ్చాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, కంచంలో అన్నం ఎండిపోతున్నా పట్టించుకోకుండా, ఫోన్లో ఏదో కొరియా సీరియల్ చూస్తూనో, ఏదో ఆట ఆడుతూనో రెండింటి దాకా మేలుకొని ఉంటాడు. నాన్న దీన్ని బాధ్యత లేనితనం అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. మనిషి ఇలా వేరే లోకంలో తలదాచుకోవడానికి కారణం ఏమిటో, మేము ఎప్పుడు కలుగజేసుకోవాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (నాగర్‌కర్నూల్ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

తప్పించుకుపోవడాలన్నీ ఒకే కోవకు చెందవు. నార్వేకు చెందిన మనస్తత్వ పరిశోధకుడు ఫ్రోడె స్టెన్‌సెంగ్ తన సహచరులతో కలిసి 2012లో ప్రచురించిన వ్యాసంలో వీటిని రెండు రకాలుగా చూశారు. తనను కలచివేసే తలంపులను అణచుకోవడానికి ఒక వ్యాపకంలో మునిగిపోవడం మొదటిది. ఆ వ్యాపకంలోని ఆనందంతో మనసును విశాలం చేసుకోవడం రెండోది. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక, గంటలు లెక్కబెట్టి ఏది ఏదో తేల్చలేము. మన పాలమూరులో పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతుంటే జనం చుట్టూ కూర్చొని వినేవారు. ఉన్నవాళ్లను దోచి పేదలకు పంచినవాడి కథ అది. వింటున్నంతసేపు తమ కష్టం మరిచినా, లేచి వెళ్లేటప్పుడు వాళ్లు కొంత ధైర్యం వెంటబెట్టుకొనే వెళ్లి ఉంటారని నా నమ్మకం. ఆ కిన్నెర వాయించే కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు నేను అంతగా సంతోషించింది అందుకే.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి, నర్సు)

మాస్టారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆసుపత్రిలో నేను చూసే మరుపు వేరు. క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడిన కూలీలకు ఒక్కసారిగా ఆ సీసా దొరకకపోతే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అందుకే దాన్ని డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా మాన్పించాలి. వాళ్లు తాగేది సరదాకు కాదు, ఒళ్లు నొప్పులూ అప్పులూ ఆ పూటకు కనబడకుండా ఉండటానికి.

మీ తమ్ముడి సంగతి అంతదాకా పోలేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చారు గానీ, ఎక్కువసేపు ఆడినంత మాత్రాన అది రుగ్మత కాదు. ఆటపై అదుపు పోయి, మిగతా పనులన్నీ వెనక్కి పోయి, నష్టం తెలుస్తున్నా ఆపలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగాలి. అయితే అవి డబ్బు పెట్టి ఆడే ఆటలేమో మాత్రం వెంటనే కనుక్కోండి. మన రాష్ట్రం వాటిని 2017లోనే నిషేధించినా దొంగచాటుగా ఆడేవాళ్లు ఉన్నారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

జవాబు (హాలియా నుంచి, రైతు)

నేను మిల్లులకు వడ్లు అమ్మేవాడిని కాబట్టి కాటా దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. ట్రాక్టరు వరుసలో పెట్టి రాత్రంతా చలిలో కాచుకున్నాక, తేమ ఎక్కువుందని ధర తగ్గించి, పైగా తరుగు కూడా తీస్తే మా కడుపు మండుతుంది. ధర తేల్చే యజమాని లోపల గదిలో ఉంటాడు, ఎదురుగా నిలబడేది కాటా దగ్గరి పిల్లవాడు. మా తిట్లన్నీ అతనికే తగులుతాయి. ఒక్క పైసా పెంచే అధికారం అతనికి లేదు, తిరిగి ఒక మాట అనడానికీ లేదు. రేపు మళ్లీ అక్కడే నిలబడాలి. అట్లాంటి మనిషి ఇంటికొచ్చి తనకు అర్థం కాని భాషలో కథ చూస్తున్నాడంటే, తనను ఎవరూ తిట్టని చోటు వెతుక్కున్నాడనే నేను అనుకుంటాను. ఫోన్ లాక్కోవద్దని మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారి మాట

రాత్రి తమ్ముడితో మాట్లాడాను. డబ్బు ఆటలు ఏవీ లేవని ఫోన్ నా చేతికిచ్చి చూపించాడు. మొన్న ఒక పెద్దాయన అమ్మను కలిపి తిట్టాడని, ఆయన వడ్లకు జరిగింది అన్యాయమని తెలిసి కూడా నోరు విప్పలేకపోయానని చెప్పాడు. ఇదంతా విని నాన్న, మిల్లు యజమానితో తనే మాట్లాడి, సీజన్ ముగిసేదాకా వాణ్ని కాటా నుంచి లెక్కల గదికి మార్చమని అడుగుతానన్నారు. యజమాని ఒప్పుకోకపోతే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.