కచేరీ ఫొటోలకి కెమెరా బాడీ మార్చాలా, లెన్స్ కొంటే చాలా?
వైజాగ్ కళాభారతిలో కచేరీలకి ఫొటోలు తీస్తుంటాను. కెమెరా కెనాన్ 200డి 2, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్స్. జూమ్ చేస్తే అపర్చర్ (లెన్స్‌లోకి వెలుగొచ్చే రంధ్రం) ఎఫ్5.6కి పడిపోతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/60 దాటడం లేదు, మృదంగం వాయించేవాళ్ల చేతులన్నీ మసకే. ఫ్లాష్ వేస్తే ముందు వరసలో మామ్మలు ఊరుకోరు, నాకూ ఇష్టం లేదు.

85ఎంఎం ఎఫ్1.8 ఒక్కటి కొంటే సరిపోతుందా? మూడు స్టాపుల పైనే (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) వెలుగు వస్తుంది కదా. బాడీయే మార్చాలంటే సెకండ్‌హ్యాండ్‌లో సోనీ ఎ7 3 మంచిదా, కెనాన్ ఆర్8 మంచిదా? ఆర్8లో బాడీ స్టెబిలైజేషన్ (మన చెయ్యి వణుకుని సర్దేది) లేదు, అయినా వాయించేవాళ్ల కదిలే చేతులకి అది ఎలాగూ పనికిరాదు. వయొలిన్ మెల్లగా సాగేటప్పుడు టకటక వినపడకూడదని సైలెంట్ షట్టర్ పెడితే కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద చారలు వస్తాయట, ఆ రెండు కెమెరాల్లో దేనితోనైనా స్టేజి ఫొటోలు తీసినవాళ్లుంటే చెప్పండి. లెన్స్‌తో కలిపి లక్షా పాతిక వేలు పెట్టగలను.