ఆదర్శంగా నిలవడానికి ఆ మనిషి నిజంగా పుట్టి ఉండాలా?

ఋషికుల్య (బరంపురం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. రానున్న ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి నాడు, మా తెలుగు సంఘం హైస్కూలు పిల్లలకు ‘నాకు ఆదర్శం’ అనే అంశం మీద వక్తృత్వ పోటీ పెడుతున్నది. ఈసారి నియమాలలో ఒక కొత్త వాక్యం చేర్చాలని నేను ప్రతిపాదించాను. చరిత్రలో నిజంగా జీవించిన వ్యక్తుల గురించే పిల్లలు మాట్లాడాలనీ, పురాణ పాత్రలూ నాటక పాత్రలూ సినిమా పాత్రలూ పనికిరావనీ దాని సారాంశం. కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు కనుక ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగువారందరి ముందు ఈ ప్రశ్న పెడుతున్నాను.

నా కారణం ఇది. కిందటి ఏడాది వేదిక ఎక్కినవారిలో చాలామంది ఎవరో ఒక సినిమా నాయకుడి పాత్రను ఎంచుకొని, నాలుగు డైలాగులు అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకొని దిగిపోయారు. ఈ ఊళ్లోనే 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి పేరు ఒక్కరి నోటా రాలేదు. కోరాపుట్ కొండలకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ నాయకును 1943 మార్చి 29న ఉరితీసింది కూడా మన బరంపురం జైలులోనే. ఆ సంగతి ఈ ఊరి పిల్లలలో ఎందరికి తెలుసు? కల్పిత పాత్రకు కష్టం తెచ్చిపెట్టేవాడూ రచయితే, గట్టెక్కించేవాడూ రచయితే. 1942 ఆగస్టులో మత్తిలి పోలీసు స్టేషను మీదికి జనాన్ని నడిపించిన నాయకుకు తరువాతి అంకంలో ఏమి జరగబోతున్నదో చెప్పే సూత్రధారుడు లేడు. ఏమవుతుందో తెలియకుండా ముందడుగు వేయడం నేర్పగలిగినవాడు నిజమైన మనిషేనని నా వాదం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఋషికుల్య గారి బాధ అర్థం చేసుకోదగినదే గాని, ఈ నియమం ఎలుకల మీది కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టున్నది. చిన్నతనంలో గాంధీజీ తండ్రి అనుమతితో హరిశ్చంద్ర నాటకం చూశారు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదనీ, మనసులో తానే హరిశ్చంద్రుడినై లెక్కలేనన్ని సార్లు ఆ కథను ఆడుకున్నాననీ, అందరూ అలా సత్యవంతులు ఎందుకు కాకూడదని తనను తాను ప్రశ్నించుకున్నాననీ ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. హరిశ్చంద్రుడు చారిత్రక వ్యక్తి అయి ఉండడని పెద్దయ్యాక తన బుద్ధికి తోస్తున్నదని ఆ చోటనే ఒప్పుకొని, అయినా హరిశ్చంద్రుడూ శ్రవణుడూ తనకు సజీవ సత్యాలేనని కూడా అన్నారు. మీ నియమాన్ని అమలు చేస్తే ఆ మోహన్‌దాసు అనే కుర్రవాణ్ణి మెట్ల దగ్గరే ఆపివేయవలసి వస్తుంది. ఆ తరువాత అరవై ఏళ్లు గడిచాక అదే కుర్రవాడి గురించి మాట్లాడే పిల్లలకు మాత్రం బహుమతి ఇస్తారు.

మా ప్రాంతంలో ఈ సంగతి పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన పని లేదు. పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో హరిశ్చంద్ర పద్యనాటకం వేస్తే కాటిసీను కోసం తెల్లవారుజాము దాకా చాపల మీద కూర్చునేవారు. భుజాన కర్ర పెట్టుకొని నిలబడ్డ కాటికాపరి, ఎదుట చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఇల్లాలు, ఆమె తన భార్యేనని తెలిసిన తరువాత కూడా యజమానికి చెల్లవలసిన కాటిసుంకం అడగక తప్పని పరిస్థితి. హార్మోనియం రాగం తీస్తుండగా పద్యం చివరి పాదం పూర్తికాకముందే వెనుక వరుసలలోంచి ‘వన్స్‌మోర్’ అన్న కేక వినిపించేది. ఆ కేక వేసినవారిలో అక్షరం ముక్క రానివారు ఎందరో ఉండేవారు. యజమాని సొమ్ము ముట్టుకోకూడదన్న నీతిని వారికి ఏ జీవిత చరిత్రా నేర్పలేదు. ఆ ఊళ్లలో ఒడియావారు కూడా పక్కనే కూర్చొని కళ్లు తుడుచుకొనేవారు. హరిశ్చంద్రుడి విషయంలో ఆయన మావాడు, మీవాడు అన్న పేచీ ఎన్నడూ రాలేదు.

బాహుదా (గంజాం జిల్లా)

మహేంద్రతనయ మాస్టారి చివరి మాట దగ్గరే నేను అందుకుంటాను. నిజమైన మనుషులు తమ వెంట తగాదాలను కూడా తెస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. మన పిల్లల బడులలో ఆ రోజును ఉత్కళ దివస్‌గా జరుపుతారు, మన పిల్లలూ పాటలు పాడతారు. అదే 1936లో, పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించిన గిడుగు వారు, 1880 నుంచి పాఠాలు చెప్పి తన జీవితంలో అత్యధిక భాగం గడిపిన ఆ ఊరిని విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మరోవంక, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఆ కొత్త రాష్ట్రం కోసం పాటుపడి, 1937లో దానికి తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి పదవి లాంటిది) అయ్యారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు వేదిక మీద వీరిద్దరిలో ఒకరిని ఎంచుకుంటే, ఎదుట కూర్చున్న ఒడియా స్నేహితుడికి ఏమని చెప్పుకోవాలి? నిజమైన వ్యక్తులను వదిలేయమని నేను అనడం లేదు. అది సులువైన, నిరపాయమైన దారి అని నియమం రాసినవారు అనుకోకూడదు, అంతే.

రెండో సంగతి. నియమంలో నాటక పాత్రలను తీసివేశారు కనుక మధురవాణి కూడా పోయింది. గురజాడ వారి ‘కన్యాశుల్కం’లో సంస్కరణ గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలు దంచేవాడు గిరీశం. ముసలి లుబ్ధావధానులుకు సుబ్బి అనే చిన్నపిల్లను కట్టబెట్టకుండా ఆపడానికి కరటకశాస్త్రి శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి పెళ్లి జరిపిస్తే, ఆ పన్నాగానికి దన్నుగా నిలిచినది మధురవాణి. వేశ్యను కళ్లెత్తి చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులంతటి పెద్దమనిషి, ఆమె మగవేషంలో వచ్చి మాట్లాడితే గౌరవంగా విన్నాడు. నీతులు చెప్పేవాడికీ పని చేసేవారికీ తేడా పసిగట్టడం పదిహేనేళ్ల పిల్లకు ఇంతకన్నా బాగా నేర్పే జీవిత చరిత్ర నాకు కనబడలేదు.

ఋషికుల్య (బరంపురం)

బాహుదా గారూ, మధురవాణిని మీరూ నేనూ చదివిన తీరు వేరు, పిల్లల తల్లిదండ్రులు వేదిక ముందు కూర్చొని వినే తీరు వేరు. అదీగాక, రేపు ఎవరైనా గిరీశమే నాకు ఆదర్శమంటే ఏమి చేస్తారు? (అలాంటి పిల్లవాడు పెద్దయ్యాక రాజకీయాలలో రాణించవచ్చు, అది వేరే సంగతి.) గాంధీజీ ఉదాహరణకు నా వద్ద ఒక సమాధానం ఉన్నది. హరిశ్చంద్రుణ్ణి చూసి కోట్ల మంది కన్నీరు పెట్టారు, గాంధీ మాత్రం ఒక్కరే అయ్యారు. అది నాటకం గొప్పతనమా, ఆ పిల్లవాడి గొప్పతనమా?

నాగావళి (రాయగడ)

హైస్కూలులో సైన్సు చెబుతాను. ఈ చర్చలో ఎవరూ తీసుకురాని రెండు పరిశోధనలు చెప్పాలనిపించింది. 2016లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో తొమ్మిది, పది తరగతులకు చెందిన 402 మంది పేద ప్రాంతాల విద్యార్థులను గుంపులుగా విభజించి, కొందరికి ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేలు సాధించిన విజయాలను మాత్రమే చదవమని ఇచ్చారు. మరికొందరికి అదే మనుషులు పడ్డ ఇక్కట్లనూ, విఫలమైన ప్రయత్నాలనూ ఇచ్చారు. ఇక్కట్లు చదివినవారికి ఆ తరువాత సైన్సు మార్కులు మెరుగుపడ్డాయి, వెనుకబడిన పిల్లలకు మరీ ఎక్కువగా. విజయాలు మాత్రమే చదివినవారికి ఆ మేలు జరగలేదు. అందరూ నిజంగా జీవించిన వారే, అయినా చెప్పిన తీరు మారేసరికి ఫలితం మారిపోయింది. 2017లో వచ్చిన మరో అధ్యయనంలో నాలుగేళ్లు, ఆరేళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి అప్పగించి, కావాలంటే మధ్యలో ఆటకు వెళ్లవచ్చని చెప్పారు. తమను తాము బాట్‌మాన్ లాంటి పాత్రగా ఊహించుకొని, ఆ వేషం వేసుకొని కూర్చున్న పిల్లలు మిగిలినవారికంటే ఎక్కువసేపు పనిలో నిలిచారు. కల్పిత పాత్ర అయినా పట్టుదల నిలిపింది. వీటిలో ఏ ఒక్కటీ ఋషికుల్య గారి నియమాన్ని సమర్థించదు.

నా అసలు ఫిర్యాదు వేరే ఉన్నది. మనం నిజమైన మనుషులను పిల్లలకు కల్పిత పాత్రలకన్నా అధ్వానంగా పరిచయం చేస్తున్నాము. ఏ జయంతి సభకు వెళ్లినా గిడుగు వారంటే వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని మొదలుపెట్టి, ఆ బిరుదుతోనే ముగిస్తారు. పితామహుణ్ణి చూసి పిల్లలు ఏమి నేర్చుకుంటారు, దండం పెట్టడం తప్ప? ఆయన చేసిన పని ఇది. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండలలోని సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి దానికి వ్యాకరణం గాని నిఘంటువు గాని లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకొని ఒక్కొక్క మాట నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వారి భాషలోనే పుస్తకాలు రాసి చదువు చెప్పించారు. కొండలలో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది, దానికి క్వినైన్ వాడితే చెవుడు వచ్చింది. ధ్వనులను చెవితో పట్టుకొని బతికే పనిలో ఉన్న మనిషికి చెవులు పోయాయి. ఆయన ఆ పని మానలేదు. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది, అంటే అరవై ఏడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో.

మా బడిలో సవర పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఈ కథను ఇలా చెబితే ఇద్దరూ వింటారు, అందులోనూ సవర పిల్లలు మెడ చాచి వింటారు. పితామహుడు అన్నప్పుడు మాత్రం ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తారు.

కొలాబు (జయపురం)

నాగావళి గారి మాటకు ఒక చిన్న చేర్పు. మా ఊళ్లో ఆదర్శమనగానే పెద్దలు విక్రమదేవవర్మ మహారాజు పేరు చెబుతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. గొప్పవారే, కాదనను. అయితే నెలాఖరుకు కిరాణా బాకీ లెక్కచూసుకునే ఇంటి పిల్లవాడు ఆయనను చూసి రేపు ఉదయం లేచి చేయగలిగింది ఏమిటి? నిజంగా పుట్టి, మన ఊళ్లోనే బతికి కూడా ఆ పిల్లవాడికి హరిశ్చంద్రుడికన్నా దూరంగా ఉన్నారు.

మరొక ప్రశ్న. అల్లూరి సీతారామరాజు పేరు చెప్పే పిల్లవాణ్ణి మీరు అంగీకరిస్తారు కదా? 2022లో వచ్చిన ఒక భారీ చిత్రంలో అల్లూరీ కొమరం భీమూ ప్రాణస్నేహితులై కలిసి పోరాడతారు. చరిత్రలో అల్లూరి 1924లో మన్యంలోనూ, భీము 1940లో జోడేఘాట్ దగ్గరా మరణించారు. ఆ స్నేహం కేవలం కల్పన అని సినిమా తీసినవారే చెప్పారు. ఇప్పటి పిల్లలలో ఎక్కువమందికి తెలిసిన అల్లూరి ఆ అల్లూరే. ఆయన నియమానికి లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా?

ఋషికుల్య (బరంపురం)

కొలాబు గారి ప్రశ్నకు నా వాక్యంలో చోటు లేదు, అందుకే దాన్ని ఈ విధంగా మార్చి కార్యవర్గానికి పంపాలనుకుంటున్నాను. వ్యక్తి నిజమైనవాడు కావచ్చు, కల్పితుడు కావచ్చు. అయితే ఆయన బిరుదులూ, డైలాగులూ, పుట్టిన తేదీ చెబితే మార్కులు పడవు. ఆయన చేసిన ఒక్క పని తీసుకొని, అది చేయడానికి ఆ రోజు ఏమి అడ్డు వచ్చింది, దాన్ని ఎలా దాటాడు, లేదా ఎలా దాటలేకపోయాడు అన్నది చెప్పాలి. గిరి గారిని ఎంచుకునే పిల్లలు రాష్ట్రపతి అయ్యారు అని ఆగకుండా, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవిని ఎందుకు వదులుకున్నారో చెప్పగలగాలి. సినిమా పాత్రలను తీసుకున్నవారికి ఈ షరతుతోనే సగం తలనొప్పి తగ్గుతుంది, ఎందుకంటే డైలాగు తీసేస్తే చాలా పాత్రలలో చెప్పడానికి ఏమీ మిగలదు. చివర, ఆ ఆదర్శాన్ని చూసి తాను స్వయంగా ప్రయత్నించిన ఒక సంగతి చెప్పాలని కూడా చేర్చాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చివరి షరతు తప్ప మిగిలినదంతా నాకు సమ్మతమే. ముప్పై ఏళ్లు పిల్లల మధ్య గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను: స్వయంగా చేసినది చెప్పాలంటే, చేయనివాడు ఆ ఉదయమే ఒక కథ కల్పించుకుంటాడు, దానికి తల్లిదండ్రులూ సాయపడతారు. హరిశ్చంద్రుణ్ణి ఆదర్శంగా ఎంచుకున్న పిల్లవాడు కూడా బహుమతి కోసం అబద్ధమాడవలసి రావడం ఆయనకు కాటిసీనుకన్నా పెద్ద పరీక్ష. పిల్లవాడు మారాడా లేదా అన్నది న్యాయనిర్ణేతలు ఐదు నిమిషాలలో తేల్చే విషయం కాదు.

బాహుదా (గంజాం జిల్లా)

మాస్టారితో ఏకీభవిస్తున్నాను. మధురవాణి విషయం మాత్రం అస్పష్టంగా వదలవద్దని ఋషికుల్య గారికి మనవి. ఎవరైనా ఆమెను ఎంచుకుంటే అడ్డు చెప్పబోమని నియమంలోనే రాయండి, లేకపోతే ఆ రోజు వేదిక పక్కన ఎవరో ఒక పెద్దాయన పిల్ల చేతిలోని కాగితం తీసుకొని పేరు మార్చమంటారు.

ఋషికుల్య (బరంపురం)

చివరి షరతు తీసివేశాను. మధురవాణి పేరు ప్రత్యేకంగా రాయడానికి బదులు, పాత్రను మార్చమని పిల్లలను ఎవరూ బలవంతపెట్టరాదు అని చేర్చాను. కార్యవర్గం ఆదివారం కూర్చుంటుంది. సినిమా పాత్రల విషయంలో నా ఓటు మాత్రం ఇప్పటికీ వ్యతిరేకమేనని, అది నెగ్గకపోయినా పోటీ బాధ్యత నేనే చూస్తానని ముందే తెలియజేస్తున్నాను. రాయగడ నుంచి నాగావళి గారూ, జయపురం నుంచి కొలాబు గారూ న్యాయనిర్ణేతలుగా రాగలిగితే ఛార్జీలు సంఘం ఇస్తుంది. వీలవుతుందో లేదో శనివారంలోగా చెప్పగలరు.