ఈ వారం సమస్య: వీడిపోవుటె ప్రేమకు విజయమగును

నిర్వాహకురాలు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాను.

వీడిపోవుటె ప్రేమకు విజయమగును

ఇది మా ఇంటి హాల్లో పుట్టిన పాదం. 2022 ఏప్రిల్‌లో ‘ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్’ అనే కొరియా సీరియల్ ఆఖరి భాగం చూశాక మా అమ్మాయి రెండు రోజులు ముభావంగా తిరిగింది. ‘పదహారు భాగాలు మనసు పెట్టి చూస్తే చివరికి విడదీస్తారా అమ్మా?’ అంది. నాకేమో ఆ ముగింపు సరైనదే అనిపించింది. మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

పూరణ, అంటే మీరు రాసే పై మూడు పాదాలు, కొరియా సీరియళ్ల మీదే ఉండాలి. ఏ పాత్ర ఎందుకలా చేసిందో మూడు పాదాల్లో తెలియాలి. కొత్తవాళ్ల కోసం నియమం మరోసారి: ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి, అదే యతి. ప్రాస అక్కర్లేదు.

తంగేడుపూలు:
అమ్మా, మీ అమ్మాయి చూసిన కథతోనే మొదలుపెడతాను.

కత్తి పట్టిన పిల్లకు కలలు పెక్కు
వార్త చదివెడి వానికి వగపు పెక్కు
ఒకరి కొఱకయి యొకరాగ నోర్వలేక
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

కత్తిసాము ఆడే నా హీ-దో, విలేకరి అయిన బేక్ యీ-జిన్. ఒకరి కోసం ఇంకొకరు ఆగిపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

పాత పలక:
గణాలు, యతులు చక్కగా కుదిరాయి. ‘పెక్కు’ రెండు పాదాల చివర రావడం కూడా బాగుంది, తక్కెడలో రెండు వైపులా బరువు పెట్టినట్టుంది. మూడో పాదం మాత్రం కథకు న్యాయం చేయలేదమ్మా. వాళ్లు ఉదారంగా విడిపోలేదు. అలసిపోయి విడిపోయారు. 1997-98 ఆర్థిక సంక్షోభంలో తండ్రి వ్యాపారం కూలిపోయి ఇల్లు చెల్లాచెదురైనప్పుడు కూడా ఆ కుర్రవాడిని ఆ పిల్ల నవ్వించగలిగింది. 2001 సెప్టెంబరు దాడుల వార్తల కోసం న్యూయార్క్ వెళ్లాక అతడు తన బాధ ఆమెతో చెప్పుకోవడం మానేశాడు. ఆమెకు భారం కాకూడదని అతడనుకున్నాడు. ఆమెకు ఆ మౌనమే భారమైంది. ‘ఓర్వలేక’ అన్న ఒక్క మాటలో ఇదంతా ఇమడదు.

తంగేడుపూలు:
నిజమే మాస్టారూ. నేను వాళ్లను ఉన్నదానికంటే గొప్పవాళ్లను చేసేశాను.

నిర్వాహకురాలు:
పాత పలక గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. హీ-దో తల్లి టీవీలో వార్తలు చదువుతుంది. భర్త అంత్యక్రియలకు కూడా రాలేక ఆ రోజు వార్తల్లోనే ఉండిపోయింది. అంటే ఆ పిల్ల బాల్యమంతా వార్తలకు అమ్మను అప్పగించి ఎదురుచూడటంతోనే గడిచింది. అలాంటి పిల్ల ప్రేమించినవాడు విలేకరి అయినప్పుడే ముగింపుకి విత్తనం పడింది. ఇంకో సంగతి. ఏళ్ల తర్వాత హీ-దో డైరీ చదివే ఆమె కూతురి ఇంటిపేరు కిమ్. కొరియాలో పిల్లలకు మామూలుగా తండ్రి ఇంటిపేరే వస్తుంది. బేక్ యీ-జిన్ ఆ పిల్ల తండ్రి కాడని రచయిత్రి ముందే మన చేతిలో పెట్టింది.

మనం ఇక్కడ చేసే పనీ అలాంటిదే. చివరి పాదం ముందే ఖాయమై ఉంటుంది. పై మూడు పాదాలు దాన్ని సంపాదించుకోవాలి. ముగింపు బాగుందా లేదా అన్న వాదన వచ్చినప్పుడల్లా నేను చూసేది ఇదొక్కటే.

కృష్ణాతీరం:
నాది ‘రిప్లై 1988’. విరుపు చూడండి.

ఎఱ్ఱదీపము తప్పని యెంచవలదు
తడసి నిలిచిన తనమది తప్పుగాని
ఆట విడిచిన వానికే యామె దక్కె
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

పాత పలక:
భేష్! ‘వీడిపోవుట’ అనగానే అందరం ప్రేమికులు విడిపోవడమే అనుకుంటాం. మీరు దాన్ని ఆట వీడి వెళ్లడంగా మార్చేశారు. సమస్యాపూరణంలో అసలు రుచి ఇదే, ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపకుండా అర్థాన్ని పక్కదారిలోకి నడిపించడం.

నీలిగడియారం:
ఆ సీరియల్ చూడనివాళ్ల కోసం కాస్త చెప్పండి.

కృష్ణాతీరం:
2015 చివర్లో మొదలై 2016 జనవరిలో ముగిసింది. సియోల్‌లోని సాంగ్‌ముండాంగ్ అనే పేటలో ఐదుగురు స్నేహితులు, వాళ్ల ఇళ్లు, వాళ్ల అమ్మల వంటలు. డొక్-సన్ ఎవరిని పెళ్లాడిందో ఆఖరి భాగాల దాకా చెప్పకుండా ప్రేక్షకులతో ఊహింపజేశారు. పై వాటాలో ఉండే జంగ్-హ్వాన్ బస్సులో ఆమెకు దెబ్బ తగలకుండా చేతులు అడ్డం పెట్టి నిలబడతాడు కానీ నోరు విప్పడు. టేక్ బాదుక్ ఆటగాడు. మన చదరంగంలాగే గంటల తరబడి కూర్చుని ఆడే ఆట అది. కచేరీకి తోడు లేక ఆమె ఒంటరిగా నిలబడిన రోజున జంగ్-హ్వాన్ కారేసుకుని బయలుదేరతాడు. దారిలో ఎర్రదీపాలు. చేరేసరికి టేక్ అక్కడున్నాడు, ఆడాల్సిన పోటీని వదిలేసి వచ్చాడు. తప్పు సిగ్నల్‌ది కాదు, తన తటపటాయింపుది అని జంగ్-హ్వాన్ తనలో తాను అనుకుంటాడు. మొదటి రెండు పాదాలు అవే.

చలిమంట:
పద్యం బాగుంది గానీ జంగ్-హ్వాన్‌కి అన్యాయం జరిగింది. ‘తడసి నిలిచిన’ అని తేల్చేశారు. ఎందుకు తడశాడు? తనకు డొక్-సన్ అంటే ఇష్టమని స్నేహితుల ముందు టేక్ బయటపెట్టాకే కదా అతడు వెనక్కి తగ్గింది? తల్లి లేని పిల్లవాడు టేక్. వాడికి దక్కాల్సింది లాక్కోలేకపోయాడు. అది పిరికితనం కాదండీ, స్నేహం. నేను అప్పట్లో జంగ్-హ్వాన్ పక్షం. ఇప్పటికీ అంతే. కొరియాలో కూడా జనం రెండుగా చీలారు. జంగ్-హ్వాన్ వేషం వేసిన నటుడి పేరుతో ‘ఎలాగూ మొగుడు ర్యు జున్-యోలే’ అనేవాళ్లు ఆ మాటను కుదించి ‘అనామ్‌ర్యు’ అన్నారు, టేక్ పక్షం వాళ్లు ‘అనామ్‌టేక్’ అన్నారు.

కృష్ణాతీరం:
మీ బాధ అర్థమైంది. కానీ టేక్ కూడా ఒకసారి వెనక్కి తగ్గాడు కదా. జంగ్-హ్వాన్ పర్సులో ఫొటో చూసి, ఆమెతో సినిమాకి వెళ్లాల్సింది మానుకున్నాడు. ఇద్దరూ త్యాగం చేశారు. తేడా ఎక్కడంటే, అవసరమైన రోజున ఒకడు ఆట వదిలి లేచాడు.

చలిమంట:
ఒప్పుకుంటున్నాను. ఒప్పుకుంటుంటే గొంతు పట్టేస్తోంది.

నీలిగడియారం:
నేను రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే చెప్పండి. ‘క్రాష్ లాండింగ్ ఆన్ యు’ మీద:

సరిహద్దు దాటిన జంటకు నవధి గలదు
ఏట రెండు వారములంతె యెదురుపడగ
తిరిగి కలిసెడి యాశతో తీపి మిగుల
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

పాత పలక:
మొదటి ప్రయత్నానికి మూడింట్లో రెండు పాదాలు తప్పు లేకుండా వచ్చాయంటే సంతోషం బాబూ. తప్పు మొదటి పాదంలోనే. ‘సరిహద్దు’ రెండు లఘువులు, గురువు, లఘువు. అది ఇంద్రగణం. అక్కడ సూర్యగణం రావాలి. యతి కూడా పోయింది, ‘స’కీ ‘నవధి’లోని అకారానికీ పొత్తు లేదు. ‘సరి’ తీసేయండి.

హద్దు దాటిన జంటకు నవధి గలదు

గణం కుదిరింది. హకారానికి అకారంతో యతి చెల్లుతుంది కాబట్టి అదీ కుదిరింది. రెండక్షరాలు తీసేస్తే రెండు తప్పులూ పోయాయి.

నీలిగడియారం:
మాస్టారూ, రాత్రంతా కూర్చున్నా ఇది తట్టలేదు. చాలా చాలా థాంక్స్.

తంగేడుపూలు:
భావం నాకు బాగా నచ్చింది. గాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడిన యూన్ సే-రి, అక్కడి సైనికాధికారి రి జంగ్-హ్యోక్. ఆ సరిహద్దు దాటి కాపురం పెట్టే దారి ఏ రచయితా చూపించలేదు, చూపిస్తే అబద్ధమవుతుంది. అందుకే స్విట్జర్లాండ్‌లో ఏడాదికి రెండు వారాలు. దీన్ని కొందరు సుఖాంతం అంటారు. నాకు మాత్రం మిగిలిన యాభై వారాలే కళ్లముందు కదులుతాయి. మా ఆయన గల్ఫ్‌లో ఉన్న తొమ్మిదేళ్లూ ఏటా ఒక్క నెల ఇంట్లో ఉండేవారు. విమానాశ్రయం బయట ఆయన వీపు చూస్తూ నిలబడిన రోజులన్నీ మీ మూడో పాదంలో కనిపించాయి బాబూ.

నీలిగడియారం:
ఇది చదివాక ఇంకేం రాయాలో తెలియడం లేదక్కా.

చలిమంట:
జంగ్-హ్వాన్‌ని మీరెవరూ పట్టించుకోలేదు. కనీసం ‘స్టార్ట్-అప్’లో జీ-ప్యోంగ్‌నైనా పట్టించుకోండి.

లేఖ రాసిన చేతికి లేదు చెలిమి
పేరు గలవానినే కోరె బేల మనసు
అడ్డు రాకుండ మౌనివై యరుగుమయ్య
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

మనవరాలు దాల్-మి దిగులు తీర్చమని నాయనమ్మ అడిగితే, అనాథ అయిన జీ-ప్యోంగ్ ఆ ఉత్తరాలు రాశాడు. పేరు మాత్రం పేపర్లో చూసిన నామ్ దో-సాన్ అనే కుర్రాడిది పెట్టాడు. ఆ పేరు గలవాడే చివరికి ఆమెను గెలుచుకున్నాడు.

నిర్వాహకురాలు:
మొదటి పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ‘చేతికి లేదు చెలిమి’ అనడం ఎంతో బాగుంది. ‘బేల మనసు’ దగ్గర మాత్రం నాకు అభ్యంతరం. దాల్-మి బేల కాదు. ఉత్తరాలు ఎవరు రాశారో కథ మధ్యలోనే తెలుసుకుంది. కోపం, అవమానం, తికమక అన్నీ పడింది. తర్వాత కూడా దో-సాన్‌నే ఎంచుకుంది. పదిహేనేళ్ల నాటి కాగితాన్ని కాదు, కళ్లెదుట తనతో కంపెనీ కట్టిన మనిషిని కోరుకుంది. ఆమెకు తెలియకే అలా చేసిందనడం ఆమె తెలివిని తక్కువ చేయడమే. ఇలా మారిస్తే?

పేరు గలవానినే కోరె వివరమెఱిగి

నీలిగడియారం:
‘పే’కి ‘వి’తో యతి ఎలా కుదురుతుందండీ?

నిర్వాహకురాలు:
ప, ఫ, బ, భలతో వకారానికి యతిమైత్రి ఉంది. ఏకారానికి ఇకారంతో స్వరమైత్రి ఉంది. రెండూ ఉన్నాయి కాబట్టి చెల్లుతుంది.

చలిమంట:
సవరణ తీసుకుంటున్నాను. వివరం తెలిసే కోరుకుంది అంటే జీ-ప్యోంగ్ బాధ ఇంకా పెరుగుతుంది, పద్యానికి అది మంచిదే. కానీ ఒక మాట. రచయిత్రి ఆ కుర్రవాడి ఒంటరితనాన్ని అంత ప్రేమగా చూపించకపోతే ఇన్ని లక్షలమంది అతడి పక్షాన నిలబడేవారా? మన మనసుని ఒక దారిలో తీసుకెళ్లి, ముగింపుని ఇంకో దారిలో పెట్టింది. పై పాదాలు చివరి పాదాన్ని సంపాదించాలని మీరే అన్నారు.

నిర్వాహకురాలు:
అది గట్టి మాట. ‘స్టార్ట్-అప్’ విషయంలో నా దగ్గర జవాబు లేదు.

పాత పలక:
నేను ‘మిస్టర్ సన్‌షైన్’ మీద రాశాను.

రైలు పెట్టెలు వేరయ్యె రణమునందు
ఆమె వలపున దేశమే యధికమనుచు
వెనుక పెట్టెలో నిలిచెను వీరుడతడు
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

బానిస కొడుకుగా పుట్టి, అమెరికా పారిపోయి, అక్కడి సైన్యంలో అధికారిగా తిరిగొచ్చిన యూజీన్ చోయ్. తుపాకీ పట్టి జపానువాళ్లతో పోరాడే పెద్దింటి పిల్ల ఏ-షిన్. ఆఖర్న రైలు పెట్టెలు విడిపోతాయి. ఆమె ఉన్న పెట్టె ముందుకు పోతుంది, అతడు శత్రువుల మధ్య నిలిచిపోతాడు.

కృష్ణాతీరం:
పెట్టెలు విడిపోవడం, మనుషులు విడిపోవడం రెండూ ఒకే పాదంలోకి వచ్చాయి. అద్భుతం మాస్టారూ. ‘వీరుడతడు’ అన్నచోట మాత్రం చిన్న సందేహం. అతడు దేశం కోసం చచ్చిపోయాడన్న అర్థం రాదా? అతడి తల్లిదండ్రుల్ని బలి తీసుకున్నది ఆ దేశమే. దాని మీద అతడికి ప్రేమ ఎందుకుంటుంది? అతడు చచ్చిపోయింది ఆమె కోసం.

పాత పలక:
అందుకే రెండో పాదంలో ‘ఆమె వలపున’ అన్నాను. దేశం గొప్పదన్నది ఆమె మనసులోని మాట. తనకు లేని ఆ ప్రేమను గౌరవించి అతడు నిలబడ్డాడు.

తంగేడుపూలు:
నా మొదటి పద్యం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నిర్వాహకురాలు గారు చెప్పిన హీ-దో అమ్మ సంగతి పట్టుకుని మళ్లీ రాశాను.

అమ్మ వార్తల మేడలో నాగిపోయె
చెలుడదే మేడ యెక్కగ చెదరె వలపు
ఎదురుచూపుల బతుకింక నేల యనగ
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

పాత పలక:
ఇప్పుడు కథ మొత్తం వచ్చింది. ఒక్క మాటే అడ్డం. వలపు చెదిరిపోతే నాలుగో పాదంలో గెలిచేదేమిటి? చెదిరింది మనసే గానీ వలపు కాదు. ‘చెదరె మనసు’ అంటే గణం అదే, యతీ అదే.

తంగేడుపూలు:
మార్చేశాను మాస్టారూ. నమస్కారం.

నిర్వాహకురాలు:
ఈ వారానికి నా ఓటు ఈ పద్యానికి, కృష్ణాతీరం గారి విరుపుకి. తంగేడుపూలు గారి పద్యాన్ని భోజనాల దగ్గర మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘అయినా నేను ఒప్పుకోను, నాది కూడా పెట్టు’ అంది. తను మాటల్లో చెప్పింది, నేను పాదాల్లో పెట్టాను.

పదియునారు భాగములను వలచి చూచి
కడకు కన్నీళ్ళు మిగులగా కథయె ముగిసె
ఎవ్వరందురు దర్శకా యెటుల చెపుమ
వీడిపోవుటె ప్రేమకు విజయమగును

చలిమంట:
మా అందరి కోపం ఈ పద్యంలో ఉంది. పాపకు నా ఆశీస్సులు.

కృష్ణాతీరం:
పాదాన్నే ప్రశ్నగా మార్చడం మంచి ఉపాయం. కానీ అడగాల్సింది దర్శకుణ్ని కాదు. కొరియా సీరియళ్లలో ముగింపు రచయిత చేతిలో ఉంటుంది. ‘మిస్టర్ సన్‌షైన్’ అంటే కిమ్ ఉన్-సూక్, ‘రిప్లై’ అంటే లీ ఊ-జంగ్, మీ పాప ఏడ్చిన కథకు క్వాన్ దో-ఉన్. జనం పొగిడినా తిట్టినా ముందు వాళ్లనే. ‘ఎవ్వరందురు రచయితా యెటుల చెపుమ’ అనండి, మూడు లఘువులు, గురువు, నగం అనే ఇంద్రగణం సరిపోతుంది.

నిర్వాహకురాలు:
సవరించాను. పక్కనే కూర్చుని చూస్తోంది, తలూపింది.

వచ్చే వారం సమస్య కూడా తనే అడిగింది. ‘క్వీన్ ఆఫ్ టియర్స్’లో పెళ్లయిన మూడేళ్లకే విడాకులు కావాలనుకున్న భర్తతో కథ మొదలవుతుంది కదా, పెళ్లి తర్వాత సంగతి మీద ఇవ్వమంది. మళ్లీ తేటగీతే:

కలిసి బతికిన కథలోనె కలత హెచ్చు