జర్మనీ నుంచి రోడ్ సైకిలు తెచ్చుకోవడమా, హైదరాబాద్‌లో కొనుక్కోవడమా?

స్టుట్‌గార్ట్ టు నల్లగండ్ల:

సభ్యులందరికీ నమస్కారం. రెండున్నరేళ్లుగా స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే ఫిబ్రవరిలో నల్లగండ్లలోని మా ఇంటికి పూర్తిగా తిరిగి వచ్చేస్తున్నాను. ఇక్కడ స్నేహితుడి పాత సైకిలు అరువు తీసుకుని నెక్కార్ నది వెంట తిరగడం మొదలుపెట్టాక ఈ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు సొంతంగా మంచి రోడ్ సైకిలు కొనాలన్నది ఆలోచన. (ఫోనులో "బైక్ కొంటున్నాను" అన్న పాపానికి మా అమ్మ లైసెన్సు గురించీ, ఔటర్ మీద ప్రమాదాల గురించీ అరగంట మందలించింది. అందుకే ఇక్కడ సైకిలు అనే రాస్తున్నాను.)

నా దగ్గర ఉన్నది 1,200 యూరోలు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఆ డబ్బుకు ఇక్కడ షిమానో కంపెనీ మధ్యస్థాయి రకమైన 105 గేర్లున్న, రెండు మూడేళ్లు వాడిన సైకిళ్లు కనిపిస్తున్నాయి. ఆఫీసులో వాళ్లు కంపెనీ లీజు పథకంలో కొత్తది తీసుకోమంటున్నారు. హైదరాబాద్‌లోని మా అన్నయ్యేమో, అంత దూరం నుంచి మోసుకురావడం ఎందుకు, వచ్చాక దుకాణంలో చూసి కొనుక్కోవచ్చు కదా అంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు ఏమంటారు?

నార్సింగి ఉదయరాగం:

అక్కడే కొనండి, కానీ లీజు జోలికి మాత్రం వెళ్లకండి. జర్మనీలో ఆ లీజులు సాధారణంగా 36 నెలలకు ఉంటాయి, అంతవరకు సైకిలు లీజు సంస్థదే. అయిదు నెలల్లో ఉద్యోగం వదిలి వచ్చే మనిషికి అది మెడకు చుట్టుకునే వ్యవహారం. లీజు ముగిసి వెనక్కి వచ్చిన సైకిళ్లను దుకాణాలు సరిచేసి అమ్ముతాయి, అవి దొరికితే తప్పక చూడండి.

అక్కడే కొనమనడానికి నా కారణం ధర ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో ప్రారంభ స్థాయి రోడ్ సైకిళ్లకు కొరత లేదు. క్లారిస్, సోరా గేర్లున్నవి దుకాణంలో ఎక్కి చూసి ఇంటికి తెచ్చుకోవచ్చు. 105 స్థాయికి వెళ్లేసరికి దిగుమతి సుంకం భారం ధరలో కనిపిస్తుంది, పైగా మన కొలత ఫ్రేము ఉందా అని అడిగితే "తెప్పిస్తాం సార్" అన్న జవాబు వస్తుంది. వాడిన సైకిళ్ల మార్కెట్టు ఇక్కడ మూడు నాలుగు వాట్సాప్ గ్రూపులంత ఉంటుంది. మీకు అక్కడ క్లైనాంట్సైగెన్ అనే పాత వస్తువుల ప్రకటనల సైటులో ఒక్క ఊరి పరిధిలోనే పేజీలకు పేజీలు కనిపిస్తాయి. అక్టోబరు దాటి చలి మొదలయ్యాక ధరలు మెత్తబడతాయి, మార్చిలో ఎండ పొడసూపగానే మళ్లీ బిగుసుకుంటాయి. ప్రకటనలో ధర పక్కన "ఫావ్ బే" అని ఉంటే బేరానికి తావుందని అర్థం, మొహమాటపడకుండా అడగండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఇప్పుడు కొంటే నాలుగైదు నెలలు అక్కడి రోడ్ల మీద తొక్కి, లోపాలు అక్కడే బయటపెట్టుకుని, అక్కడే సరిచేయించుకుని రావచ్చు. వచ్చే ముందు రోజు కొని డబ్బాలో పెట్టుకొచ్చేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు.

లెక్కల మనిషి:

కస్టమ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. కింది లెక్క 2026 ఫిబ్రవరి వరకు అమలులో ఉన్న 2016 నాటి బ్యాగేజీ నిబంధనల ప్రకారం. ఈ మొత్తాలను ప్రభుత్వం సవరిస్తూ ఉంటుంది, కనుక టికెట్టు కొనేనాటికి అమలులో ఉన్నవి చూసుకోండి.

మామూలుగా వచ్చే ప్రయాణికుడికి 50,000 రూపాయల వరకు సుంకం ఉండేది కాదు, ఆపైన విలువ మీద సర్‌చార్జీతో కలిపి 38.5 శాతం పడేది. లెక్క సులువు కోసం యూరోను వంద రూపాయలనుకుందాం. 1,100 యూరోల సైకిలు లక్షా పదివేలు అవుతుంది, అందులో మినహాయింపు పోగా మిగిలిన 60,000 మీద 23,100 రూపాయలు కట్టాల్సి వచ్చేది. అయితే మీరు రెండేళ్లకు పైగా అక్కడే ఉండి నివాసం మార్చుకుని వస్తున్నారు. అలాంటివారికి ఇంటి సామాను, సొంత వస్తువుల మీద 5,00,000 రూపాయల వరకు మినహాయింపు ఉండేది. ఆ రెండేళ్లలో ఇండియాకు వచ్చివెళ్లిన రోజులన్నీ కలిపి ఆరు నెలలు మించకూడదని, గడిచిన మూడేళ్లలో ఈ మినహాయింపును వాడుకుని ఉండకూడదని షరతులు ఉండేవి. టీవీ లాంటి కొన్ని వస్తువులకు వేరే నియమం ఉండేది, సైకిలుకు ఆ చిక్కు లేదు.

కొన్న రసీదు, బ్యాంకు బదిలీ కాగితం చేతి సంచీలో పెట్టుకోండి. విలువ ఎంతో అధికారి అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ చాలా తేడా ఉంటుంది.

కూకట్‌పల్లి పాతకాపు:

పై ఇద్దరి మాటలతో నేను విభేదిస్తున్నాను. సైకిలును కొనేది ఒక్కసారి, దాన్ని బతికించుకోవలసింది మాత్రం పదేళ్లు. ఆ పదేళ్లూ గడిచేది హైదరాబాద్‌లో.

2019లో నేనూ ఇలాగే యూరప్ నుంచి వాడిన కార్బన్ సైకిలు తెచ్చుకుని, ఎంత ఆదా చేశానో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. శంషాబాద్‌లో డబ్బా అందుకుని ఇంటికి వెళ్లి విప్పితే, వెనక గేర్ల మీద చైనును జరిపే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయి ఉంది. చిటికెన వేలంత అల్యూమినియం ముక్క అది. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము విరగకుండా తాను వంగడమే దాని పని కనుక దాన్ని తప్పుపట్టలేం. కానీ ప్రతి ఫ్రేముకూ దాని ఆకారం వేరు. నా ఫ్రేము కంపెనీకి ఇక్కడ డీలరు లేడు. మూడు దుకాణాలు తిరిగాను, ఒకాయన సుత్తితో సరిచేస్తానన్నాడు, దండం పెట్టి వచ్చేశాను. చివరికి తెలిసినవాళ్ల ద్వారా ఆ ముక్క చేరడానికి అయిదు వారాలు పట్టింది. అయిదు వారాలూ సైకిలు బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి ఉపయోగపడింది.

ఇక వారంటీ విషయం. చాలా కంపెనీలు ఫ్రేము మీద ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి యజమానికే వర్తిస్తుంది. మీరు రెండో యజమాని, పైగా వేరే దేశం. ఇక్కడ కొత్తది కొంటే 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు మీ పేరున ఉంటుంది, దుకాణదారుడు ఫోను ఎత్తుతాడు. గేర్లు ఒక మెట్టు తక్కువైతే కొంపలేమీ మునగవు. గండిపేట చుట్టూ తొక్కడానికి టియాగ్రాకూ 105కూ ఉన్న తేడా కాళ్లకు తెలిసేది చాలా తక్కువ.

బావమరిది బాధితుడు:

నాది వేరే గోడు. మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ, "బావా, సగం ధరకే కొట్టేశాను" అంటూ నాకోసం ఒక అందమైన సైకిలు తెచ్చాడు. దాని ఫ్రేము కొలత 56 సెంటీమీటర్లు, 5 అడుగుల 6 అంగుళాల నాకు అది పెద్దది. హ్యాండిల్‌ను దగ్గర చేయడానికి స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) మార్చి 70 మిల్లీమీటర్లది వేయించాను, సీటును పూర్తిగా ముందుకు జరిపాను. అయినా శిల్పారామం దాటేసరికి మెడ పట్టేసేది. ఎనిమిది నెలలకు అమ్మేశాను. బావమరిదితో ఈ విషయం ఇంకా చెప్పలేదు.

ఎక్కడ కొన్నా ముందు మీ కాలి లోపలి కొలత తీసుకోండి. గోడకు ఆనుకుని, చెప్పులు లేకుండా నిలబడి, ఒక అట్ట పుస్తకాన్ని సీటులాగా పైకి నొక్కి, దాని పైఅంచు నుంచి నేల వరకు కొలవాలి. ఆ కొలతను 0.67తో గుణిస్తే పాత పద్ధతి ఫ్రేము కొలత సుమారుగా వస్తుంది. ఉదాహరణకు 78 సెంటీమీటర్లయితే 52 దగ్గర. ఇప్పటి ఫ్రేముల పైగొట్టం వెనక్కి వాలి ఉంటుంది, అందువల్ల ఆ అంకె ఒక్కటే చాలదు. జర్మన్ ప్రకటనల్లో "ఆర్.హెచ్. 54" అని రాసేది సీటు గొట్టం పొడవునే. కంపెనీ పట్టికలో స్టాక్ (హ్యాండిల్ వైపు ఫ్రేము ఎత్తు), రీచ్ (ముందుకు దాని దూరం) అనే రెండు కొలతలు చూసి, మీకు ఇప్పుడు సుఖంగా ఉన్న మీ స్నేహితుడి సైకిలు కొలతలతో పోల్చండి.

నార్సింగి ఉదయరాగం:

పాతకాపు గారు చెప్పిన హ్యాంగర్ కష్టం నిజమే, నేను కాదనను. దానికి మందు మాత్రం ఇక్కడ కొత్తది కొనడం కాదు, వచ్చేటప్పుడు రెండు హ్యాంగర్లు అదనంగా తెచ్చుకోవడం. ఫ్రేము పేరు, తయారైన సంవత్సరం చెబితే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, బరువు కూడా ఉండదు. ఇక్కడ డీలరున్న కంపెనీ ఫ్రేమునే ఎంచుకుంటే ఆ భయమూ సగం పోతుంది. డిరైలర్‌ను విప్పి, బుడగల కవరు చుట్టి ఫ్రేము లోపలివైపు కడితే ఆ ముక్క వంగే అవకాశమే తక్కువ.

టియాగ్రా చాలన్న మాటను గండిపేట వరకు ఒప్పుకుంటాను. 2023 అక్టోబరు 1న ఔటర్ పక్కన ప్రారంభమైన సౌర పైకప్పు ట్రాకు మీద కూడా, నానక్‌రామ్‌గూడ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరుకు పద్నాలుగున్నర, మొత్తం 23 కిలోమీటర్లూ ఏ గేర్లయినా సరిపోతాయి. అనంతగిరి ఎక్కినవాడు, 200 కిలోమీటర్ల బ్రెవేను (గడువు లోపల ముగించాల్సిన దూర సైకిలు యాత్రను) పదమూడున్నర గంటల్లో ముగించాలనుకునేవాడు అలా అనడు.

ఇక మిత్రుడికి ఒక హెచ్చరిక. 105 దాటి అల్టెగ్రా, డ్యూరా ఏస్ వైపు మనసు లాగితే క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) వెనకవైపు చెక్కిన సంఖ్య చూడండి. 2019 జూలైకి ముందు తయారైన 6800, ఆర్8000, 9000, ఆర్9100 క్రాంకుల్లో జిగురుతో అతికించిన రెండు భాగాలు విడిపోతుండటం వల్ల షిమానో 2023 సెప్టెంబరులో తనిఖీ కార్యక్రమం ప్రకటించింది. ఒక్క అమెరికాలోనే అలాంటివి 6,80,000 దాకా ఉన్నాయి. 105 క్రాంకులు ఆ జాబితాలో లేవు. ఆ సంఖ్యలున్న సైకిలు కొంటే అక్కడి డీలరు దగ్గరే ఉచితంగా తనిఖీ చేయించుకుని రండి, ఇక్కడికి వచ్చాక దాని కోసం తిరగడం వృథా శ్రమ.

కూకట్‌పల్లి పాతకాపు:

హ్యాంగరు, డబ్బా, తనిఖీ, కాలి కొలత, కస్టమ్స్ కాగితం. ఇన్ని చేయగలిగినవాడికి ఎక్కడ కొన్నా మంచి సైకిలే దొరుకుతుంది. నేను మాట్లాడుతున్నది మామూలు మనుషుల గురించి. మా వీధి చివర పంక్చరు దుకాణం ఆయన ప్రెస్టా వాల్వు (రోడ్ సైకిలు ట్యూబుకుండే సన్నటి వాల్వు) చూసి, "ఇది మన పంపుకు ఎక్కదు సార్, ట్యూబు కోసేసి మామూలుది వేస్తాను" అన్నాడు. పది రూపాయల ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే గండం గడుస్తుందని నాకు ఆనాటికి తెలియదు.

మరొకటి, చవకగా వస్తుందని పాత రిమ్ బ్రేకు (చక్రం అంచును పట్టే బ్రేకు) రేసు ఫ్రేము తీసుకోకండి. వాటిలో చాలావాటికి 25 మిల్లీమీటర్ల టైరుకు మించి పట్టదు. మన సర్వీసు రోడ్ల మీద, వానాకాలం తరువాత మరీను, 28 కంటే తక్కువ టైరుతో తొక్కితే నడుము సంగతి నడుము చూసుకోవలసిందే.

స్టుట్‌గార్ట్ టు నల్లగండ్ల:

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చ చదివాక శనివారం ఎస్లింగెన్‌లో ఒక సైకిలు చూసి వచ్చాను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, 105 గేర్లు, డిస్కు బ్రేకులు, 32 టైరు పట్టేంత సందు ఉంది. హైదరాబాద్‌లో డీలరున్న కంపెనీయే. నా కాలి కొలత 79 వచ్చింది, స్టాక్, రీచ్ నా స్నేహితుడి సైకిలుతో దాదాపు కలిశాయి.

సైకిలును తలకిందులు చేసి పెడళ్ల కింద ఫ్రేము మీద చెక్కిన నంబరును, 2022 నాటి అసలు రెష్నుంగ్ (కొనుగోలు బిల్లు)లోని నంబరుతో పోల్చాను. రెండూ ఒక్కటే. అమ్మే పెద్దాయన ముందే స్టీలు స్కేలు తీసి చైను కొలిచాను. కొత్త చైనులో 24 లింకులు 304.8 మిల్లీమీటర్లు ఉండాలి, ఇది 306 దాటి అర మిల్లీమీటరు చూపించింది, అంటే అరశాతం పైగా సాగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తానూ ఒకసారి కొలిచి, నవ్వి, కొత్త చైను, క్యాసెట్టు (వెనక పళ్ల చక్రాల కట్ట) ఖర్చు ధరలోంచి తగ్గించాడు. 1,050 యూరోలకు ఒప్పుకున్నాం. వీధి చివరి సైకిలు దుకాణంలో అట్టపెట్టె ఉచితంగా ఇస్తామన్నారు, ఫోర్కు నలగకుండా మధ్యలో పెట్టే ప్లాస్టిక్ కడ్డీ, బ్రేకు ప్యాడ్ల మధ్య పెట్టే బిళ్లలు కూడా. రోటర్లు (డిస్కు బ్రేకు పళ్లేలు) విప్పాక పొరపాటున లివరు నొక్కితే ప్యాడ్లు మూసుకుపోతాయని వాళ్లే చెప్పారు. సైకిలు డబ్బా తీసుకెళ్లడం గురించి విమాన సంస్థకు ఇప్పుడే రాస్తాను.

పాతకాపు గారూ, మీ మాట పూర్తిగా వినలేదని అనుకోకండి. ఫ్రేముకు హైదరాబాద్‌లో డీలరు ఉన్నాడా అన్నది మీవల్లే చూశాను. కార్బన్‌ది ఒకటి ఇంకా అందంగా, ఇంకా చవకగా ఉన్నా ఆ కారణంగానే వదిలేశాను.

కూకట్‌పల్లి పాతకాపు:

నా అభిప్రాయం మారలేదు. అయితే ఆ వదిలేసిన కార్బన్ ఫ్రేము పేరు ఒకసారి చెప్పండి. నాదే అయితే హ్యాంగర్లు నాకు కూడా రెండు తెచ్చిపెట్టండి, డబ్బు ముందే పంపిస్తాను.