ఒంగోలు దగ్గర సైటుకు సీపీటీ (కోన్ టెస్ట్) ఒక్కటే చాలా? మట్టి శాంపిల్ తీసే బోర్లు కూడా వేయాలా?

కొత్తపట్నం_సైట్:
ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో గోడౌన్ కడుతున్నాం. చుట్టుపక్కల రొయ్యల గుంటలు తవ్వినప్పుడు చూసినంతలో పైన నల్లరేగడి, కింద మెత్తటి బంకమట్టి, మధ్యమధ్యలో ఇసుక. కన్సల్టెంట్ గారు కోన్ టెస్ట్ (కోన్‌ను భూమిలోకి నొక్కుతూ మట్టి ఎంత అడ్డుపడుతుందో కొలవడం) మాత్రమే చేసి, ఆ రీడింగులను బట్టి మట్టి రకం చెప్పే రాబర్ట్‌సన్ 1990 చార్ట్ మీద పాయింట్లు పెట్టి పొరలన్నిటికీ పేర్లు రాసేశారు. ఒక్క శాంపిల్ తీయలేదు. బోర్లు దండగంటారు. ఓనరు గారికి ఆ మాట భలే నచ్చింది. సంతకం పెట్టాల్సింది నేను. ఏమంటారు?

రెండుపాయింట్ఆరు:
దండగే మరి. బోర్‌లో మీటరున్నరకోసారి ఎస్‌పీటీ (సుత్తి దెబ్బలు లెక్కపెట్టి మట్టి గట్టిదనం చూసే టెస్ట్) కొడతారు, మధ్యలో ఏముందో దేవుడికే తెలియాలి. కోన్ సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున దిగుతూ సెంటీమీటరుకో, రెండింటికో రీడింగ్ ఇస్తుంది. కృష్ణపట్నం వైపు, బకింగ్‌హామ్ కాలువ పక్కన బంకలో సన్నటి ఇసుక పొరలుంటే బోర్ లాగ్‌లో కనపడవు, కోన్‌లో కనపడతాయి. కోన్ రీడింగుల నుంచి లెక్కేసే మట్టి సూచీ ఐసీ 2.6 కంటే ఎక్కువైతే బంక, తక్కువైతే ఇసుక. ఇంకేం కావాలి?

పెన్నా_ఇసుక:
సన్నపొరల సంగతి నిజమే, ఒప్పుకుంటా. కానీ అక్కడా ఓ మెలిక ఉంది. కోన్ తన మొన దగ్గరున్న మట్టినే కాదు, కొంత పైనా కొంత కిందా ఉన్నదాన్ని కూడా కలిపి చదువుతుంది. మెత్తటి బంక మధ్య జానెడు ఇసుక ఉంటే దాని అసలు బలం రీడింగులో రాదు, చార్ట్‌లో సిల్ట్ అని పడుతుంది.

అసలు గొడవ పైన ఉన్న నల్లరేగడితో. మే నెలలో, అరచేయి పట్టేంత పగుళ్లున్నప్పుడు టెస్ట్ చేశారనుకోండి. మీటరు లోతులో కోన్ రెసిస్టెన్స్ 1.5 మెగాపాస్కల్, ఫ్రిక్షన్ రేషియో (కోన్ పక్కగోడ మీది రాపిడి మొన రెసిస్టెన్స్‌లో ఎంత శాతమో) 6 శాతం అనుకుందాం. అక్కడ పైమట్టి ఒత్తిడి దాదాపు 18 కిలోపాస్కల్ కాబట్టి నార్మలైజ్ చేస్తే (రెసిస్టెన్స్‌లోంచి ఆ ఒత్తిడి తీసేసి, దానితోనే భాగిస్తే) క్యూ 82 వస్తుంది. ఐసీ లెక్కేస్తే 2.53. అంటే మీ లెక్కన అది ఇసుక కలిసిన మట్టి! చేత్తో తడిపి నలిపితే వేళ్లకు అతుక్కుని వదలని నల్లరేగడి అది. చార్ట్‌లోని తొమ్మిది జోన్లలో ఆ పాయింట్ నిజానికి పడేది 9వ జోన్‌లో, అంటే బాగా గట్టిపడ్డ బంకలో. ఐసీ ఒక్కటే చూస్తే 1, 8, 9 జోన్లు దొరకవు. అదే చోట నవంబరు వానలయ్యాక కోన్ దింపండి, ఇంకో జోన్ వస్తుంది. మట్టి మారిందా?

నల్లరేగడి_బాధితుడు:
మా ఇంటి ప్లింత్ బీమ్‌ని అడగండి, చెప్తుంది 😄

రెండుపాయింట్ఆరు:
పెన్నా గారూ, మీరు చెప్పినదాన్నే తిప్పి చెప్తున్నా. ఆ చార్ట్ గింజల సైజు చెప్పడానికి కాదు, మట్టి ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి. మేలో అది గట్టిగానే ప్రవర్తించింది, చార్ట్ అదే చెప్పింది. ఫౌండేషన్‌కు కావాల్సింది బలమూ, కుంగుబాటే కదా?

పెన్నా_ఇసుక:
గోడౌన్ ఫ్లోరుకు నల్లరేగడి తడిస్తే ఎంత ఉబ్బుతుందో కూడా కావాలి. దాన్ని ఏ కోనూ కొలవదు. మట్టి రకాల భారత ప్రమాణం ఐఎస్ 1498 ప్రకారం మట్టికి గ్రూపు రాయాలంటే 75 మైక్రాన్ జల్లెడ, లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్ (ఎంత నీటికి మట్టి జారుగా, ఎంత నీటికి ముద్దగా మారుతుందో చెప్పే అంకెలు) కావాలి. ఫ్రీ స్వెల్ (ఉబ్బు) టెస్టుకు ఐఎస్ 2720 నలభయ్యో భాగం ఉంది, కాస్త మట్టి, కిరోసిన్, నీళ్లు, రెండు జాడీలతో అయిపోయే పని. దానికి కూడా శాంపిల్ కావాలిగా! లోతున ఉన్న మెత్తటి బంకకైతే కోన్ మీదే నాకు నమ్మకం, కాకపోతే పోర్ ప్రెషర్ (మట్టి సందుల్లోని నీటి ఒత్తిడి) కొలిచే కోన్ అయ్యుండాలి. లేకపోతే సరిదిద్దని రీడింగ్ అక్కడే ఎక్కువ తేడా కొడుతుంది.

సైట్ బాబూ, ఒకటి అడగండి: వాడింది ఎలక్ట్రిక్ కోనా, మెకానికలా? మెకానికల్ దాంట్లో స్లీవ్ (పక్కగోడ) రీడింగ్ వేరేగా వస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఎలక్ట్రిక్ కోన్ చార్ట్ మీద పెడితే జోన్లే మారిపోతాయి.

కొత్తపట్నం_సైట్:
ఎలక్ట్రికే సార్, పోర్ ప్రెషర్ కూడా ఉంది. కానీ భూమిలో నీటిమట్టం కోన్ దింపిన ఆరు పాయింట్లకూ ఒకటే వేశారు. రెండు పాయింట్లు రొయ్యల గుంట గట్టును ఆనుకునే ఉన్నాయి.

రెండుపాయింట్ఆరు:
అది మాత్రం తప్పే. గట్టు పక్కన మట్టం వేరుగా ఉంటుంది, ఎఫెక్టివ్ స్ట్రెస్ (నీటి ఒత్తిడి పోను మట్టి గింజల మీద పడే ఒత్తిడి) మారితే క్యూ మారుతుంది. ఆ రెండూ మళ్లీ లెక్కేయించండి. బోర్లు మాత్రం రెండు చాలు, కోన్ దింపిన చోటికి కాస్త పక్కనే వేయించండి. పెన్నా గారు ఆరడుగుతారేమో.

పెన్నా_ఇసుక:
ఆరెందుకు, రెండే. కానీ పైరెండు మీటర్లకు బోర్ కూడా అక్కర్లేదు. నాలుగు చోట్ల గుంట తవ్వించి, మట్టిని సంచుల్లో కట్టి ల్యాబ్‌కు పంపండి. అవి వచ్చేదాకా సంతకం పెట్టకండి.